ఆ ఓటమి ఎవరిది?

మీరు ఓడిపోయిన పోటీ ఒకటి ఉండే ఉంటుంది. పరీక్ష కావచ్చు, ఉద్యోగం కావచ్చు. ఆ ఓటమి బరువును ఇప్పుడు ఎవరు మోస్తున్నారు? మీరేనా, మీ పిల్లలా? ఒక కుస్తీ వీరుడి జీవితం చదివినప్పటి నుండి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

డాన్ గేబుల్ 1948లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, వాటర్లూ పట్టణంలో పుట్టాడు. అక్కడి కుస్తీ మన మట్టి గోదాలో జరిగేది కాదు. బడుల్లో, కళాశాలల్లో పరుపు మీద, పాయింట్ల లెక్కతో సాగే ఆట. హైస్కూలులో 64 పోటీలు ఆడి ఒక్కటీ ఓడలేదు. ఆ రోజుల్లోనే, 1964లో, అతని అక్క సొంత ఇంట్లోనే హత్యకు గురైంది. తల్లిదండ్రులు ఆ ఇల్లు విడిచిపోకూడదని, పదిహేనేళ్ల ఆ కుర్రవాడు అక్క గదిలోకి మారి అక్కడే పడుకోసాగాడు.

అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో వరుసగా 117 విజయాలు. 1970లో కళాశాల జీవితపు చివరి పోటీ. లారీ ఓయింగ్స్ అనే విద్యార్థి గేబుల్‌తో తలపడాలనే పట్టుతో బరువు తగ్గి ఆ తరగతిలోకి వచ్చాడు. 13–11 తేడాతో గెలిచాడు కూడా. రెండేళ్ల తరువాత మ్యూనిక్ ఒలింపిక్స్‌లో గేబుల్ ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచాడు. తరువాత అయోవా విశ్వవిద్యాలయానికి ప్రధాన కోచ్‌గా 21 సీజన్లు పనిచేసి, 15 జాతీయ టైటిళ్లు సాధించి పెట్టారు. వాటిలో తొమ్మిది 1978 నుండి 1986 వరకు వరుసగా వచ్చినవే. ఆ ఒక్క ఓటమే తనను మార్చిందని ఆయన పలుమార్లు చెప్పారు.

ఓటమి గురువు అని మనమూ అంటాం. నిజమే. అయితే మ్యూనిక్‌లో చెమటోడ్చిన ఒళ్లు గేబుల్‌దే. నొప్పి ఆయనదే, పతకమూ ఆయనదే. కోచ్ అయ్యాక అలా కాదు. పట్టుదల గురువుది, ఒళ్లు శిష్యుడిది. ఇది మాటవరసకు అంటున్నది కాదు. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లులు బరువు తగ్గే ప్రయత్నంలో చనిపోయారు. గాలి చొరని దుస్తులు వేసుకొని, వేడి గదుల్లో, దాహం చంపుకొని కసరత్తు చేశారు. వారెవరూ గేబుల్ శిష్యులు కారు. ఆయన ఆ ఏడాదే తన జట్టు బాధ్యత నుండి తప్పుకున్నారు కూడా. ఆ పద్ధతులు ఏ ఒక్కరో కనిపెట్టినవి కావు, ఆ ఆటలో అందరికీ అలవాటైనవే. మరణాల తరువాతే నియమాలు మారాయి. ఆ దుస్తులను, ఆవిరి గదులను నిషేధించారు. ఆ కుర్రవాళ్లను ఎవరూ కట్టివేయలేదు, తామే కోరుకొని చేశారు. సరిగ్గా అదే నన్ను భయపెడుతోంది. చాలు నాయనా అని చెప్పవలసినవాడు ఆ క్షణాన ఎక్కడున్నాడు?

కఠినంగా ఉండే గురువును నేను తప్పు పట్టను. ఏమీ అడగని గురువు కూడా అన్యాయం చేసినవాడే. అయితే శిష్యుడు ఇక మానుకుంటానంటే ఆ గురువుకు ఏమి పోతుంది? శిష్యుడి గురించి దిగులు పడితే అది ప్రేమ. తన సొమ్ము ఎవరో లాక్కున్నట్టు మండిపడితే మాత్రం ఆలోచించుకోవాలి. నేను ట్యూషన్లు చెప్పే రోజుల్లో, తెలివైన కుర్రవాడొకడు లెక్కల గ్రూపు వద్దన్నాడు. వారం రోజులు వాడితో సరిగా మాట్లాడలేదు. ఇంజనీరింగు సీటు రాక ఏడ్చినవాణ్ణి నేను. వాడికి ఆ సంగతే తెలియదు.

గేబుల్‌ను ఓడించిన ఓయింగ్స్ మళ్లీ జాతీయ కళాశాల టైటిల్ గెలవలేదు. 1971లోనూ 1972లోనూ ఫైనల్లో ఓడిపోయాడు. ఒలింపిక్స్ ఎంపికలో గేబుల్ చేతిలోనే ఓడాడు. ఆయన కూడా తరువాత ఉపాధ్యాయుడూ కోచ్ కూడా అయ్యారు. 1970 నాటి ఆ పోటీ గురించి తన శిష్యులకు ఏమని చెప్పేవారో ఆయనను అడగాలని ఉంది.