నలభై తూటాలు

పక్కింటి పెద్దాయన పోయి ఎనిమిది నెలలైంది. మొన్న ఆయన భార్య నన్ను పిలిచి, ఆయన రైఫిల్ తెచ్చి బల్లమీద పెట్టింది. "ఆరువందల డాలర్లివ్వు, చాలు. గోడకి తగిలించుకునేవాళ్లకి ఇవ్వడం నాకిష్టం లేదు. అడవికి తీసుకెళ్లేవాడి దగ్గరుండాలి" అంది. ఇక్కడ, పెన్సిల్వేనియాలో, నాకు జింకల వేట నేర్పింది ఆయనే. ఆలోచించి చెప్తానన్నాను.

అది పాత సావేజ్ 99. ఆ మోడల్ 1899లో మొదలైంది. కింద లీవరు తోసి లాగితే తూటా ఎక్కుతుంది. లోపల ఇంకా ఎన్ని ఉన్నాయో ఎడమపక్క చిన్న కంతలో అంకె కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుంటే దింపబుద్ధి కాదు.

చిక్కంతా క్యాలిబర్‌తోనే. ఇది .303 సావేజ్. త్రీనాట్‌త్రీ అనగానే మనకి పోలీసుల తుపాకీ గుర్తొస్తుంది గానీ, అది బ్రిటిష్ .303. పోలిక పేరులోనే, ఆ తూటా దీనికి పనికిరాదు. పెద్ద కంపెనీలు దీని తూటాలు చెయ్యడం మానేసి చాలాకాలమైంది. చిన్నవాళ్లెవరో అప్పుడప్పుడు చేసి అమ్ముతారు, ఒక్కోటి నాలుగు డాలర్లు. నా .308 తూటాకి డాలరున్నర, ఏ కొట్టులో అడిగినా ఉంటుంది. పెద్దాయన వదిలి వెళ్లినవి రెండు పెట్టెలు. నలభై తూటాలు.

ఇది డబ్బు లెక్కేననుకున్నాను మొదట. కాదని తర్వాత తెలిసింది.

కిందటేడు పని ఒత్తిడిలో నేను రేంజికి సరిగా వెళ్లలేదు. సీజన్లో వంద గజాల దూరంలో ఆడజింక నిలబడితే కాల్చాను. గుండెకి తగలాల్సింది పొట్టలో తగిలింది. చీకటి పడేదాకా నెత్తురు చుక్కల వెంట తిరిగాం. దొరకలేదు. పెద్దాయన నన్నేమీ అనలేదు. కారెక్కాక మాత్రం, "ఈ ఏడు ఎన్నిసార్లు ప్రాక్టీసు చేశావు?" అని అడిగాడు. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక తుపాకీ ముట్టడం మానేసి, ఊరికే తోడు వచ్చేవాడు.

అసలు చంపడమే తప్పు కదా అనేవాళ్లున్నారు. వాళ్లతో వాదించను. మాంసం తింటాను కాబట్టి ఆ పనిని పూర్తిగా కసాయి మీదకి నెట్టెయ్యడం నాకు నచ్చదు, అంతే. కానీ వేటని ఒప్పుకున్నంత మాత్రాన అన్నీ ఒప్పయిపోవు. భారతంలో పాండురాజుని శపించిన కిందముడు వేటాడినందుకు తప్పు పట్టలేదు. జంటగా ఉన్నప్పుడు కొట్టావేం, కాసేపు ఆగలేకపోయావా అన్నాడు. అంటే వేటలోనూ చెయ్యదగిందీ చెయ్యకూడనిదీ ఉంది.

నాలుగు డాలర్ల తూటాతో నేను ప్రాక్టీసు చేస్తానా? చెయ్యను. నా సంగతి నాకు తెలుసు. ఐదు కాల్చి, ఇక చాల్లే, దాచుకుందాం అనుకుంటాను. అపురూపమైన వస్తువు ఉంటే ముచ్చటే. ఆ ముచ్చటకి ఖరీదు నేనే కట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ కట్టేది జింక.

తూటాలు తక్కువుంటే మనిషి జాగ్రత్తగా కాలుస్తాడు కదా అని ఒక మిత్రుడన్నాడు. అది చెయ్యి తిరిగినవాడి మాట. పెద్దాయనకి ఏడాదికి మూడు తూటాలు సరిపోయేవంటే, దాని వెనక నలభై ఏళ్ల అలవాటుంది. నేను ఆయన తుపాకీ కొనుక్కోగలను, ఆ నలభై ఏళ్లు కొనుక్కోలేను.

కొని, దాచిపెట్టి, నా .308తోనే వేటకి వెళ్లొచ్చు. కానీ ఆవిడ అడిగింది అది కాదు. మాటిచ్చి తప్పినట్టవుతుంది.

రేపు వెళ్లి చెప్పేస్తాను. ఖాళీ తొడుగుల్లో మళ్లీ మందు నింపుకుని, తూటాలు ఇంట్లోనే తయారుచేసుకునేవాళ్లు రేంజిలో ఇద్దరున్నారు. వాళ్లలో ఒకరికివ్వమంటాను. వాళ్లయితే కరువు లేకుండా కాల్చి నేర్చుకోగలరు, అడవికీ తీసుకెళ్తారు.

ఆవిడ నొచ్చుకుంటుంది. ఆయన గుర్తు నీకక్కర్లేదా అని అడిగినా అడుగుతుంది. జవాబు ఇంకా దొరకలేదు. ఈలోపు .308 తూటాలు ఐదు పెట్టెలు కొన్నాను. శనివారం రేంజికి వెళ్లాలి.