పొత్తు, సంధి, ఋణం: ప్రాంతీయ పక్షాల మైత్రీమార్పులపై ఒక నైతిక విచారణ

రాజకీయ పక్షం మిత్రులను మార్చుకొన్న ప్రతిసారీ మనకు వినిపించే మాట 'అవకాశవాదం'. ఆ నింద వేసినవారు కూడా తమ వంతు వచ్చినప్పుడు అదే పని చేయడం వల్ల ఆ పదానికి విచారణలో పనికివచ్చే బరువు మిగలలేదు. మైత్రిని మార్చుకోవడం దానంతటదే దోషమా? దోషమైతే ఎవరి పట్ల దోషం? ఈ ప్రశ్నలను ఒక పరిచిత చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1982 మార్చి 29న నందమూరి తారక రామారావు స్థాపించిన తెలుగుదేశం పార్టీ కాంగ్రెస్ వ్యతిరేకత పునాదిగా పుట్టింది. జాతీయస్థాయిలో నేషనల్ ఫ్రంట్‌కు, 1996లో యునైటెడ్ ఫ్రంట్‌కు అది ముఖ్యాంగం. 1998లో వాజపేయి ప్రభుత్వానికి బయటినుండి మద్దతు ఇచ్చింది. 1999, 2004 ఎన్నికలలో భారతీయ జనతా పార్టీతోను, 2009లో తెలంగాణ రాష్ట్ర సమితి, వామపక్షాలతోను, 2014లో మళ్ళీ భాజపాతోను కలిసింది. 2018 మార్చిలో ఆ కూటమిని వీడి, అదే ఏడాది డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికలలో కాంగ్రెస్‌తో కలిసి పోటీ చేసింది. 2024లో జనసేన, భాజపాలతో కలిసి గెలిచింది. ఈ జాబితాను చూపి నవ్వడం సులభం. అయితే ఇందులోని మార్పులన్నీ ఒకే నైతిక జాతికి చెందినవి కావు.

పక్షం తరఫు వాదం బలమైనదే. ప్రాంతీయ పక్షం మొదటి బాధ్యత తన ప్రాంతానికి. కేంద్రంలో ఎవరున్నా నిధులు, అనుమతులు, ప్రాజెక్టులు అక్కడినుండే రావాలి. కనుక మిత్రుడు సాధనం, రాష్ట్రహితం సాధ్యం అని ఆ వాదం. దీనికి కౌటిల్యుని షాడ్గుణ్యాన్ని ప్రమాణంగా చూపడం మన ఉపన్యాసకులకు అలవాటు. సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం అనే ఆరింటిని సమయానుకూలంగా వాడడమే రాజనీతి అంటారు. అయితే అదే అర్థశాస్త్రపు ఏడవ అధికరణంలో సంధి దేనివల్ల నిలుస్తుందన్న చర్చ ఒకటుంది. సత్యం మీద, శపథం మీద ఏర్పడిన సంధి చంచలమని, పూచీదారును, బందీని పుచ్చుకొని చేసిన సంధే స్థిరమని పూర్వాచార్యుల మతం. కౌటిల్యుడు దీన్ని ఒప్పుకోలేదు. సత్యశపథాల సంధి ఇహపరాలు రెండింటిలోను నిలుస్తుందని, పూచీలూ బందీలూ ఇహానికి మాత్రమే, అదీ బలాన్ని బట్టి మాత్రమే పనిచేస్తాయని అతని తీర్పు. మాటకు విలువలేదని చెప్పడానికి కౌటిల్యుని సాక్ష్యం పిలిచేవారు ఈ ప్రకరణాన్ని చదివినట్లు లేదు.

కౌటిల్యుని సంధి ఇద్దరు రాజుల మధ్య జరుగుతుంది. మన కాలపు ఒప్పందంలో మూడవవాడు ఒకడున్నాడు. 'పొత్తు' అనే తెలుగు మాటలో కలయిక, స్నేహం, ఉమ్మడితనం ఉన్నాయి. నాయకులు తమలో తాము చేసుకొనేది సంధి. ఓటరును అడిగేది పొత్తు. ఓటు బదిలీ అనే ప్రక్రియ సారాంశం ఇదే. సైకిలుకు అలవాటైన చేతిని కంకి కొడవలిపైకో కమలంపైకో తీసుకుపోవాలి. అందుకు గ్రామంలోని కార్యకర్త ఏళ్ళ తరబడి ఎదిరించినవారి గడప తొక్కాలి, తనవారిచేత మాటలు పడాలి, కొన్ని పాత పగలను మింగాలి. నాయకుడు సంధిని రద్దుచేసుకొన్ననాడు ఒక పత్రికాసమావేశంతో పని ముగుస్తుంది. గ్రామంలో కుదిరిన పొత్తు అంత తేలికగా విడిపోదు, విడిపోతే మునుపటికంటె చేదుగా ఉంటుంది.

కాబట్టి పక్షం ఋణపడింది మిత్రపక్షానికి కాదు, తన మాటపై నడత మార్చుకొన్న మనిషికి. ఈ కొలతతో చూస్తే 2018 నాటి మార్పు అంత నింద్యం కాదు. ప్రత్యేక హోదా అనే కారణాన్ని బహిరంగంగా చెప్పారు. జూలై 20న లోక్‌సభలో అవిశ్వాస తీర్మానంపై చర్చించారు. కాంగ్రెస్‌తో కలిసిన సంగతిని పోలింగుకు ముందే తెలంగాణ ఓటరు ఎదుట ఉంచారు. ఆ ఓటరు తిరస్కరించాడు. పుట్టుకకు కారణమైన వైరాన్నే వదులుకొన్న పక్షం ఇంకా అదే పక్షమా అన్నది వేరే ప్రశ్న. అది తాదాత్మ్యానికి సంబంధించినది, మాట తప్పడానికి సంబంధించినది కాదు.

కష్టమైన సందర్భం 1998. యునైటెడ్ ఫ్రంట్ పేరుతో, వామపక్షాల తోడుతో, భాజపాకు ఎదురుగా ఓట్లు అడిగి 12 లోక్‌సభ స్థానాలు గెలిచిన పక్షం ఫలితాలు వచ్చిన కొద్దివారాలకే వాజపేయి ప్రభుత్వానికి అండగా నిలిచింది. విశ్వాస తీర్మానం 274 - 261 ఓట్లతో నెగ్గింది. అస్థిరతను, మరో ఎన్నికను తప్పించడం కూడా విలువే కనుక ఆ నిర్ణయం రాజ్యహితమే కావచ్చు. కాని ఓటు తీసుకొన్న తరువాత దాని దిశ మార్చినందుకు, ఆ ఓటు వేసినవారికి సమాధానం చెప్పవలసిన బాధ్యత దానివల్ల తొలగదు.

ఇక్కడ చట్టం చిత్రంగా ప్రవర్తిస్తుంది. 1985లో 52వ సవరణ ద్వారా వచ్చిన పదవ షెడ్యూలు ప్రకారం విప్‌ను ధిక్కరించిన సభ్యుడు పదవి కోల్పోగలడు. ఎన్నికలకు ముందు కుదుర్చుకొన్న పొత్తును ధిక్కరించిన పక్షానికి ఏమీ కాదు. ప్రభుత్వ ఏర్పాటుకు ఎవరిని పిలవాలన్న చోట మాత్రం సర్కారియా కమిషన్ ఎన్నికల ముందు కూటమికి ప్రాధాన్యమిచ్చింది. అధికారం ఇచ్చే వేళ కూటమిని ఒకటిగా లెక్కించి, బాధ్యత అడిగే వేళ విడివిడిగా చూడడం న్యాయంగా తోచదు. అయినా పక్షాలను శిక్షించే చట్టం కావాలని ఈ వ్యాసకర్త అనడు. నిర్బంధించి నిలిపిన మైత్రి కౌటిల్యుడు తక్కువచేసిన బందీల సంధి వంటిదే.

ఒక ఆక్షేపం మిగిలింది. 1999లో అదే పక్షం భాజపాతో కలిసి పోటీచేసి 294 శాసనసభ స్థానాలలో 180 గెలిచింది కదా, ప్రజలే ఆమోదించారు కదా అంటారు. ఆ గెలుపు కొత్త పొత్తుకు ఆమోదం. పాత పొత్తు నమ్మినవారి బాకీని ఇతరులు చెల్లు రాయలేరు. 1999లో వామపక్షాలు తెలుగుదేశంతో లేవు. అంతకు ముందటి ఏడు వారి మాటపై సైకిలుకు ఓటువేసినవారు ఆనాడు ఎటు మొగ్గారో, ఏమనుకొన్నారో ఓట్ల పట్టికలు చెప్పవు.