రిమార్కుల గడి

తెలుగునాట కౌన్సెలింగ్ అనే మాట రెండు సందర్భాల్లో వినిపిస్తుంది. ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చాక ఒకసారి, ఎన్నికల ముందు రౌడీషీటర్లను స్టేషన్‌కు పిలిపించినప్పుడు ఇంకోసారి. మొదటిదాంట్లో పిల్లవాడు నెట్ సెంటర్లో కూర్చుని వెబ్ ఆప్షన్లు పెడతాడు, ర్యాంకు చూసి కంప్యూటర్ సీటిస్తుంది. సలహా అంటూ ఏదన్నా దొరికితే పక్క కుర్చీలో వాడి దగ్గర దొరకాలి. రెండోదాంట్లో ఏం సలహా ఇస్తారో అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఇంజినీరింగ్ పిల్లలకు లెక్కలు చెబుతూ నేను చేసే కౌన్సెలింగ్ మూడో రకం. మెంటారింగ్ అని దానికి ముద్దుపేరు. నిజం చెప్పాలంటే, చాలాకాలం అది ఆ రెండోదానికే దగ్గరగా ఉండేది.

మా కాలేజీ ఒంగోలుకు అట్టే దూరం కాదు. ఒక్కో లెక్చరర్‌కు ఇరవై మంది పిల్లల్ని అప్పగిస్తారు. శనివారం ఆఖరి పీరియడ్‌లో ఆ ఇరవై మందీ నా టేబుల్ చుట్టూ మూగుతారు. నా ముందు పొడుగాటి రిజిస్టర్. మిడ్ మార్కులకు ఒక గడి, అటెండెన్స్ శాతానికి ఒకటి, బ్యాక్‌లాగులకు ఒకటి, తండ్రి ఫోన్ నంబరుకు ఒకటి. చివర్న అంగుళంన్నర వెడల్పున రిమార్కులు, దాని పక్కన సంతకం. కాలేజీలను మదింపు చేసే న్యాక్ బృందం వచ్చినప్పుడు మెంటార్‌కు ఎందరు విద్యార్థులని అడుగుతారు కాబట్టి ఆ రిజిస్టర్ శుభ్రంగా ఉండాలి. ఉంటుంది కూడా. ఇరవై మంది సంతకాలు ఇరవై నిమిషాల్లో అయిపోతాయి, బస్సులు కదిలే వేళకు అందరం గేటు దగ్గరుంటాం.

ఒక ఏడాది ఫస్టియర్ రెండో సెమిస్టర్లో ఈఈఈ పిల్లవాడు ఒకడు నా ఇరవైలో ఉన్నాడు. జనవరి చివరికి అటెండెన్స్ 71కి పడింది. 75 లేకపోతే షార్టేజీ, 65 కూడా లేకపోతే డిటెన్షన్, అంటే జూనియర్లతో కలిసి మళ్లీ అదే సెమిస్టర్. రిమార్కుల గడిలో 'అడ్వైజ్డ్ టు ఇంప్రూవ్ అటెండెన్స్' అని రాశాను. వాడు సంతకం పెట్టాడు. రెండు వారాలకు 68. మళ్లీ అదే రాసి, 'పేరెంట్ ఇన్‌ఫార్మ్‌డ్' అని చేర్చాను. రిజిస్టర్‌లోని తండ్రి నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తింది వాళ్ల మేనమామ. "చెబుతాలేమ్మా" అన్నాడు. మా లెక్కలో అది సమాచారం అందినట్టే. వాడు మళ్లీ సంతకం పెట్టాడు. చక్కని సంతకం, ఇంటిపేరుతో సహా.

ఆ నెలలోనే అవకలన సమీకరణాల్లో న్యూటన్ శీతలీకరణ నియమం చెబుతున్నాను. ఏటా బోర్డు మీద వేసే లెక్కే. గాలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, వస్తువు 15 నిమిషాల్లో 100 నుంచి 70కి చల్లారింది, 40కి రావడానికి మొత్తం ఎంతసేపు పడుతుంది? 52 నిమిషాల చిల్లర అని తేలింది. వెనక బెంచీలోంచి ఎవరో గొణిగారు, "అంత తొందరగా యాడ చల్లారుద్ది." పక్కవాళ్లు నవ్వారు. లేచి నిలబడింది వాడే. కొడతానేమో అన్నట్టు చూస్తున్నాడు.

"ఏది చల్లారదయ్యా?" అన్నాను.

"బ్యారన్, మేడమ్."

క్లాసు అయ్యాక స్టాఫ్ రూముకి రమ్మన్నాను. శిక్ష అనుకుని వచ్చాడు. మెల్లగా మాటలు కలిశాక పొగాకు బ్యారన్ గురించి పావుగంట ఆగకుండా చెప్పాడు. ఆకు కోసి, కర్రలకు కట్టి, లోపల అంతస్తులు అంతస్తులుగా వేలాడదీస్తారు. మొదట వంద ఫారన్‌హీట్‌కు అటూ ఇటూగా ఉంచి ఆకును పసుపు రంగుకి తేవాలి. తర్వాత కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, ఈనె కూడా ఎండేవేళకి 160 దాకా తీసుకెళ్లాలి. తొందరపడి మంట పెంచితే ఆకు పచ్చగానే బిగిసిపోతుంది, వేలంలో రేటు పలకదు. ఆలస్యమైతే నల్లబడుతుంది. ఒక్కో బ్యారన్ దిగడానికి దగ్గర దగ్గర వారం. అన్ని రాత్రులూ ఎవరో ఒకరు మేలుకుని థర్మామీటర్ చూస్తూ కట్టెలు ఎగదోస్తుండాలి. "మా నాయనకి రాత్రిళ్లు కళ్లు ఆనవు మేడమ్. శని ఆదివారాలు నావి." సోమవారం పొద్దున బస్సెక్కేవాడు, నిద్రలో స్టాపు దాటిపోయేవాడు, మధ్యాహ్నానికి తేలేవాడు. సోమవారం పొద్దున మూడు గంటల ల్యాబ్. అటెండెన్స్ కరిగిపోతున్నది అక్కడే.

ఉష్ణోగ్రత ఏ వేగంతో మారితే ఏమవుతుందో చేతులతో తెలిసినవాడికి నేను అదే విషయాన్ని డీటీ బై డీటీ అని నేర్పుతున్నాను. వాడికి ఆ రెండూ ఒకటేనని తెలియదు. నాకు వాడే తెలియదు. రెండుసార్లు సలహా ఇచ్చానని మాత్రం రిజిస్టర్‌లో ఉంది.

మా స్టాఫ్ రూములో ఒక సామెతకు తిరుగులేదు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. ఎవడన్నా డిటైనయితే, సప్లీ ఫీజు గడువు దాటిపోతే, స్కాలర్‌షిప్ రెన్యువల్ చేసుకోకపోతే, "వాడు అడగలేదండీ, అడిగితే చెప్పనా?" అంటాం. నేనూ అన్నాను. ఆ సామెత ఎవరు కట్టారో గానీ వాళ్లమ్మ ఎలాంటిదో అనిపిస్తుంది. నాకు తెలిసిన అమ్మలెవరూ అడిగేదాకా ఆగరు, వద్దన్నా వడ్డిస్తారు. నిజానికి ఆ సామెత ఆఫీసులకు సంబంధించింది. అమ్మ పేరు చెప్పి ఆఫీసుల్ని వెనకేసుకొస్తుంది.

అడగడం అందరికీ ఒకే ఖరీదు కాదు. ఇంట్లో నలుగురు చదువుకున్నవాళ్లున్న పిల్ల నా దగ్గరికొచ్చి, "మేడమ్, ఇక్కడ ఒక మార్కు ఎందుకు తగ్గించారు?" అని నిలదీస్తుంది. అది ఆ అమ్మాయి హక్కు, అలాగే అడగాలి. ఇంట్లో మొదటగా కాలేజీ మెట్లెక్కినవాడికి అదే ప్రశ్న గొంతు దాటదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది, తెలియదని తెలిస్తే ఈ సీటు పొరపాటున వచ్చిందని తేలిపోతుంది. వాడి లోపల నడిచే లెక్క అది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి గేటు తెరిచింది. అది చిన్న సంగతి కాదు, దాన్ని వెక్కిరించేవాళ్లంటే నాకు గిట్టదు. కాకపోతే గేటు లోపలికొచ్చినవాడు ఇది నా చోటే అనుకోవడానికి ఏ జీవోలోనూ నిధులుండవు.

ఇది నాకు తెలియని సంగతేమీ కాదు, సిగ్గుపడాల్సింది అందుకే. నేనూ తెలుగు మీడియమే. తెలుగు అకాడమీ పుస్తకాల్లో ప్రమేయాలు, అవకలనం, సమాకలనం చదివి మంచి మార్కులే తెచ్చుకుని ఇంగ్లిషు క్లాసులో కూర్చున్నాను. మొదటి వారం లెక్చరర్ ఏదో కొత్త సబ్జెక్టు మొదలుపెట్టారనుకున్నాను. అది నాకు వచ్చిన సమాకలనమేనని బోర్డు మీద గుర్తు చూశాక అర్థమైంది. ఒక్క ప్రశ్న అడిగితే తీరే బాధను వారం రోజులు మోశాను. అలాంటిదాన్ని టేబుల్‌కి ఇవతలి వైపుకు వచ్చేసరికి మర్చిపోయాను.

ఇలా అడగలేని పిల్లల గురించి అమెరికాలో చాలా పరిశోధన జరిగింది. విన్సెంట్ టింటో 1975లో, పిల్లలు చదువు మానేయడం తెలివితేటల లోపం వల్లనే కాదు, కాలేజీ అనే సంఘంలో కలవలేకపోవడం వల్ల కూడా జరుగుతుందని సిద్ధాంతం కట్టాడు. తర్వాతి పుస్తకంలో, కొత్త సంఘంలో కలవాలంటే పాతదాని నుంచి కొంత విడివడాలన్నాడు. అక్కడే నాకు పేచీ. శనివారం బ్యారన్‌కు వెళ్లకుండా ఉంటే మావాడు కాలేజీలో బాగా కలిసేవాడే, కానీ అప్పుడు వాడు వాడు కాదు. లారా రెండాన్ 1994లో రాసిన మాట నాకు ఎక్కువ పనికొచ్చింది. ఇలాంటి ఇళ్లనుంచి వచ్చిన పిల్లల విషయంలో ముందడుగు సంస్థే వేయాలి, వాళ్లొచ్చి అడిగేదాకా చూడకూడదు అన్నదావిడ. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో తన కమ్యూనిటీ కాలేజీల్లో ఏసాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టి దాదాపు అదే చేసింది. బస్సు, రైలు పాసులిచ్చారు, పుస్తకాలిచ్చారు, సలహాదారును తరచూ కలిసి తీరాలన్నారు. మామూలుగా అక్కడ ఒక సలహాదారుకు ఆరు వందల మందికి పైగా ఉండేవారు, వీళ్లకు 60 నుంచి 80 మంది. మూడేళ్లలో పట్టా పుచ్చుకున్నవాళ్లు 22 శాతం నుంచి 40 శాతమయ్యారు.

ఆ అంకెలు చదివినప్పుడు నవ్వొచ్చింది. నాకు ఇరవై మందే కదా! కాగితం మీద నేను న్యూయార్క్ కంటే మూడు రెట్లు మెరుగు.

అయితే నేనే ముందుగా పిల్లల్ని అడగడం మొదలుపెట్టాక దాని ఇబ్బందులూ తెలిశాయి. ఒకమ్మాయిని ఎందుకు డల్‌గా ఉన్నావంటే "పర్సనల్ మేడమ్" అంది, అక్కడితో ఆపాను. ఆపడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ఇంకో సంగతి. మగపిల్లాడి ఇంటికి ఫోన్ చేస్తే వాడికి నాలుగు చీవాట్లు పడతాయి. ఆడపిల్ల ఇంటికి అదే ఫోన్ వెళితే, చదివింది చాలని సంబంధాలు చూడటం మొదలయ్యే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అందుకే 'పేరెంట్ ఇన్‌ఫార్మ్‌డ్' అనే రెండు మాటలు ఇప్పుడు చేయి ఆపి రాస్తాను. కొన్నిసార్లు రాయను.

బ్యారన్ పిల్లవాడికి నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. ల్యాబ్ రెండు బ్యాచ్‌లుగా నడుస్తుంది, వాడిది సోమవారం, రెండోది బుధవారం. ల్యాబ్ ఇన్‌చార్జ్‌తో మాట్లాడి బ్యాచ్ మార్పించాను. నిబంధనలకేమీ అడ్డం కాదు, అది ఎవరికీ తట్టలేదంతే. సలహా అంటే నీతిబోధ అనుకునేదాన్ని. ఎక్కువభాగం టైంటేబుల్‌ను ఓపిగ్గా చదవడమేనని వాడి దగ్గర తెలిసింది. అయినా 75 అందలేదు, 70 దగ్గర ఆగాడు. షార్టేజీని మన్నించే కండోనేషన్ ఫారానికి తగిన కారణం కావాలి, ఆధారం జతచేయాలి. పొగాకుకు అందులో చోటు లేదు, జ్వరానికి ఉంది. వాడు మెడికల్ సర్టిఫికెట్ తెచ్చాడు. ఏ జ్వరమని నేను అడగలేదు. అడగడం గురించి ఇంత చెప్పినదాన్ని, అక్కడ మాత్రం తలొంచుకుని సంతకం పెట్టాను. తప్పా ఒప్పా అని ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

ఆ మార్చిలోనే న్యాక్ పనులు నడుస్తుంటే హెచ్‌ఓడీ నా రిజిస్టర్ తిరగేశారు. "ఇదేంటి మేడమ్, రిమార్క్స్‌లో 'ఇంకా నాలుగు బ్యారన్లు' అని రాశారు? వచ్చినవాళ్లు అడిగితే ఏం చెబుతాం?" అన్నారు. ఆయన మాటా తీసిపారేయలేం, ఆ గడి ఎవరికోసం ఉందో ఆయనకు తెలుసు. పేజీ మార్చి ఫెయిర్ చేసి ఇమ్మన్నారు. శనివారం కూర్చుని ఇరవై మందివీ మళ్లీ రాశాను, వాడి పేరు దగ్గర 'అడ్వైజ్డ్ టు ఇంప్రూవ్ అటెండెన్స్' అనే రాశాను. సంతకాలకు పిలిచాను. వాడు పెన్ను తీసుకుని, ఆ గడి చదివి, నా మొహం చూసి నవ్వాడు.

"నాలుగు కాదు మేడమ్, రెండే ఉన్నాయి ఇంక," అని సంతకం పెట్టి బస్సుకి పరిగెత్తాడు.