ఒడ్డు ఎవరిది?



వేసవి సెలవులు వచ్చాయంటే మన కుటుంబాలు సముద్రపు ఒడ్డుకు ప్రయాణం కట్టడం మామూలే. పిల్లలు ఇసుకతో గూళ్లు కడతారు, కుర్రవాళ్లు వాలీబాల్ ఆడతారు, పెద్దలు పాదాలు తడుపుకుని తృప్తిపడతారు. అక్కడ టికెట్టు లేదు, గుమ్మం లేదు. ఈ ఒడ్డు ఎవరిది అని అడగాలని కూడా మనకు తోచదు. ఆడుకోవడానికి వెళ్లినవాడు ఆ ప్రశ్న వేసుకోవలసిన అవసరం ఉందా? ఈ వారం దీన్ని గురించి కొంచెం ఆలోచిద్దాం.

ప్రశ్న కొత్తది కాదు. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన రోమను న్యాయగ్రంథం గాలి, పారే నీరు, సముద్రం, దాని తీరం స్వభావసిద్ధంగా అందరివీ అని చెప్పింది. ఏ రాజూ ఇచ్చిన వరం కాదది. మనిషి మనిషైనందువల్లనే అతనికి ఒడ్డు మీద హక్కు ఉంది.

అలాంటి ఒడ్డుకు కూడా గీత గీసినవారు ఉన్నారు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరాన్ని తీసుకోండి. అది మనకు పూర్తిగా పరాయి ఊరు కాదు. 1860 నుండి చెరకు తోటలలో కూలిపనికి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాల్ చేరినవారిలో తెలుగువారు అనేకులు ఉన్నారు. వారి మనుమలూ మునిమనుమలూ ఆ నగరంలోనే పుట్టి పెరిగారు. కాని ఆ నగరపు ఒడ్డు అంతా వారిది కాలేదు. 1953లో వచ్చిన చట్టం బస్సులు, పార్కులు, బెంచీలతోపాటు సముద్రతీరాలను కూడా రంగును బట్టి పంచడానికి వీలు కల్పించింది. స్నానానికి అనువైన మంచి ఒడ్డు తెల్లవారికి మాత్రమే అని మూడు భాషలలో బోర్డులు పాతారు. భారతీయులకు ఒక ముక్క, ఆఫ్రికన్లకు ఇంకొక ముక్క. అలకు రంగు తెలియదు, బోర్డుకు తెలుసు!

ఆ ఒడ్డునే సర్ఫింగ్ పోటీలు ఘనంగా జరిగేవి. పలక మీద నిలబడి అలపై జారే ఈ ఆట పసిఫిక్ ద్వీపవాసులది, ముఖ్యంగా హవాయి ప్రజలు ప్రాణంగా పెంచుకున్నది. 1972లో ఎడ్డీ ఐకావ్ అనే హవాయి క్రీడాకారుడు పోటీకి డర్బన్ వెళ్లాడు. అతని చర్మం చామనఛాయ. హోటలులో చోటు లేదన్నారు. చివరికి సర్ఫింగ్ క్రీడాకారుడైన షాన్ టామ్సన్ కుటుంబం, తెల్లవారే అయినా, అతన్ని తమ ఇంట ఉంచుకుంది. ఆట కావాలట, ఆ ఆటను లోకానికిచ్చిన జాతివాడు మాత్రం అక్కరలేదట!

ఇంతకూ ఎడ్డీ వృత్తి ఏమిటో తెలుసా? హవాయిలోని వైమియా తీరంలో లైఫ్‌గార్డు. మునిగిపోతున్నవాడు ఏ రంగువాడో చూడకుండా నీటిలో దూకడమే అతని పని. 1978లో తాను ప్రయాణిస్తున్న పడవ తుఫాను సముద్రంలో బోల్తాపడితే, తోటివారికి సహాయం తేవడానికి పలక మీద ఒంటరిగా ఒడ్డువైపు బయలుదేరాడు. తోటివారు బతికారు. అతడు మళ్లీ కనిపించలేదు.

1985లో ఆస్ట్రేలియా క్రీడాకారుడు టామ్ కారల్ దక్షిణాఫ్రికా పోటీలకు వెళ్లనని ప్రకటించాడు. అప్పటికి అతడు 1983, 1984 సంవత్సరాల ప్రపంచ విజేత. వెళ్లకపోతే పాయింట్లు పోతాయి, బహుమతి డబ్బు పోతుంది. అయినా వెళ్లలేదు. కొందరు అతనితో కలిశారు, కొందరు మామూలుగానే వెళ్లి ఆడి వచ్చారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. “ఆట వేరు, రాజకీయం వేరు. ఆ చట్టం చేసింది నేను కాదు. నేను మానుకున్నంత మాత్రాన బోర్డు ఊడిపోతుందా?” దీన్ని తేలికగా కొట్టివేయకూడదు. నిజమే, క్రీడాకారుల బహిష్కరణ ఒక్కటే బోర్డులను ఊడదీయలేదు. 1989 ఆగస్టులో ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ వంటివారి వెంట నిషిద్ధమైన ఒడ్డుపైకి నడిచి పోలీసులను ఎదుర్కొన్న సామాన్యుల తెగువ అందులో పెద్ద పాలు. ఆ నవంబరులో తీరాలను అందరికీ తెరుస్తున్నట్టు అధ్యక్షుడు డి క్లర్క్ ప్రకటించాడు. 1990లో ఆ చట్టమే రద్దయింది.

కాని ఆక్షేపణలో ఒక లోపం ఉంది. గీత గీసినవాడొక్కడే బాధ్యుడని అది అనుకుంటుంది. గీతకు ఇవతల హాయిగా కూర్చున్నవాని సంగతేమిటి? అవతలివాడిని తోసివేయగా దొరికిన ఖాళీ స్థలంలోనే కదా అతని ఆట సాగుతున్నది! ‘నావల్ల ఫలితం ఉంటుందా?’ అన్నది ఒక ప్రశ్న. ‘ఈ అన్యాయంలో నాకు వాటా ఉందా?’ అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు మన చేతిలో లేకపోవచ్చు. రెండవదానికి ఉంది.

సాహిత్యం కూడా ఇదే చూపింది. 1942లో వెలువడిన ఆల్బేర్ కామూ ఫ్రెంచి నవల ‘అపరిచితుడు’లో అల్జీరియా సముద్రపు ఒడ్డున ఎండలో ఒక అరబ్బు హత్యకు గురవుతాడు. చంపినవాని మనసు గురించి పండితులు ఎన్నో గ్రంథాలు రాశారు. చచ్చినవానికి ఆ నవలలో పేరే లేదు! 2013లో అల్జీరియా రచయిత కమెల్ దావూద్ తన నవలలో అతనికి మూసా అని పేరు పెట్టి, కథను తమ్ముని నోట చెప్పించాడు. అన్యాయం చేయడానికి ప్రతిసారీ ద్వేషం అక్కరలేదు. ఎదుటివానికి పేరుందని మరచిపోతే చాలు.

దక్షిణాఫ్రికా సంగతి మనకెందుకు అంటారా? మన ఊళ్లలో బోర్డులు లేకుండానే గీతలున్నాయి. బావి దగ్గర, టీ కొట్టులో గ్లాసు దగ్గర, కొన్నిచోట్ల సమాధుల తోటలో కూడా కులం పేరిట గీత ఉంది. దాన్ని మనం గీయలేదు, తాతల నాటిది అంటాము. సరే, కాని ఇవతలి పక్క నీడలో కూర్చున్నది ఎవరు?

ఈసారి సముద్రపు ఒడ్డుకు వెళ్లినప్పుడు మీ పిల్లలకు ఎడ్డీ కథ చెప్పండి. అక్కడ వలలు ఆరబెట్టుకుంటున్న మత్స్యకారుని పేరు అడిగి తెలుసుకోండి. ఆయన పనికి అడ్డు కాకుండా ఆడుకోండి. తరువాత ఇంటికి వచ్చి, మీ వీధిలో ఏ గీతకు ఏ పక్కన నిలబడి ఉన్నారో నిదానంగా చూసుకోండి.