దూబగుంట పాఠం



1951 జనాభా లెక్కల నాటికి మన దేశంలో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. 2011కి ఆ సంఖ్య 65 దగ్గరకు చేరింది. 2018-19 ఉన్నత విద్యా సర్వేలోనైతే, కాలేజీల్లో చేరే నిష్పత్తిలో అమ్మాయిలు అబ్బాయిల్ని వెంట్రుకవాసిలో దాటేశారు.

బాగానే ఉంది. కానీ ఈ శాతాల్లో ఇమడని చదువు ఒకటుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమం కింద రాత్రి బడులు నడిచాయి. పగలంతా నాట్లు వేసి, వంట ముగించుకుని, చంకలో పిల్లతో వచ్చిన తల్లులే అక్కడ విద్యార్థులు. అక్షరాలతో పాటు మాటలూ సాగేవి. కూలి డబ్బులు ఎటు పోతున్నాయి? సారా దుకాణానికి. 1992లో అదే జిల్లాలోని దూబగుంట అనే ఊరి ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ కథే రాత్రి బడుల వాచకంలో పాఠమై పక్క ఊళ్ళకు వెళ్ళింది. అది చదివినవాళ్ళు పుస్తకం మూసి, తమ ఊరి దుకాణం మీదకు నడిచారు. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993లో రాష్ట్ర ప్రభుత్వం సారాను నిషేధించింది. వాచకం రాసినవాళ్ళు కూడా ఇంత ఊహించి ఉండరు లెండి!

ఇక ఆడపిల్లల చదువుకు ఇవాళ చిక్కంతా పెద్ద తరగతుల దగ్గర. బడి మానేసిన పిల్ల ఇంట్లో అడగండి, తెలివి లేదని ఎవరూ అనరు. దూరం అంటారు, వేళకు బస్సు లేదంటారు. బీహార్ 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్ళలోనే చేరికలు ఎక్కువగా పెరిగాయి.