పేరు ఎవరిది, ఊరు ఎవరిది?

ఒక పాత నగరాన్ని చూడడానికి వెళ్తే మనం ఏం చూస్తాం? కోటలు, గుళ్లు, మసీదులు, సముద్రపు ఒడ్డు చూస్తాం. కట్టించిన రాజుల పేర్లు చదువుతాం. రాళ్లు మోసినవాళ్ల గురించి ఎవరూ అడగరు. అడగాల్సిన అవసరం ఉందా? ఉందనే నేను అనుకుంటున్నాను.

మధ్యధరా సముద్రం ఒడ్డున, ఈజిప్టులో అలెగ్జాండ్రియా అనే నగరం ఉంది. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ స్థాపించాడు కాబట్టి దానికి ఆ పేరు. అక్కడి ఫారోస్ దీపస్తంభం ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి. లూసియన్ అనే పాత రచయిత దాని గురించి ఒక కథ చెప్పాడు. స్తంభాన్ని కట్టిన శిల్పి, అంటే సోస్ట్రాటస్, రాతి మీద తన పేరు చెక్కి, పైన సున్నం పూసి, ఆ సున్నం మీద రాజు పేరు రాశాడట. కొన్నేళ్లకు సున్నం రాలిపోతే తన పేరు బయటపడుతుందని అతని ఆలోచన. తర్వాత భూకంపాలకు ఆ స్తంభమే కూలిపోయింది. 15వ శతాబ్దంలో అదే చోట సుల్తాన్ ఖైత్‌బే కోట కట్టించాడు. ఇప్పుడు యాత్రికులు చూసేది ఆ కోటనే.

సోస్ట్రాటస్ పేరైనా మనదాకా వచ్చింది. రాళ్లెత్తిన కూలీలకు మాత్రం పేరు చెక్కుకోవడానికి రాయీ దొరకలేదు, దాచుకోవడానికి సున్నమూ దొరకలేదు.

ఇక మన ముంబై సంగతి చూద్దాం. గ్రాంట్ రోడ్ పేరు 1835 నుంచి 1838 వరకు గవర్నరుగా ఉన్న రాబర్ట్ గ్రాంట్‌ది. పక్కనే ఉన్న కామాటిపుర పేరు కామాటీలది. అంటే తెలుగు ప్రాంతం నుంచి వచ్చి, 18వ శతాబ్దం చివరి నుంచి ఈ నగరంలో కట్టుబడి పనులు చేసిన మన కూలీలది. కూలీల పేరు ఒక పేటకే దక్కడం లోకంలో అరుదు.

అయినా "ఎక్కడుంటారు?" అని అడిగితే మనలో చాలామంది "గ్రాంట్ రోడ్" అని చెప్పి ఊరుకుంటారు. కామాటిపుర అంటే ఎదుటివాళ్ల ముఖం మారిపోతుంది. ఉద్యోగానికో, పెళ్లి సంబంధానికో ఆ మాట అడ్డొస్తుందని పెద్దల భయం. దాన్ని తప్పు పట్టలేం, బతుకు నడవాలి కదా! కానీ అవసరానికి చెప్పకపోవడం వేరు, లోపల సిగ్గుపడడం వేరు. మనమే సిగ్గుపడితే, మన తాతల పేరు మీద మనమే సున్నం పూసినట్టు. ఈ పేటకు చెడ్డపేరు వచ్చింది అక్కడి ఆడవాళ్ల వల్లే అనడం కూడా న్యాయం కాదు. వాళ్లలో ఎక్కువమంది పేదరికం తరిమితే వచ్చినవాళ్లు, మోసపోయి వచ్చినవాళ్లు. వాళ్లను చిన్నచూపు చూసి మన గౌరవం కాపాడుకోలేం.

ఇప్పుడు కామాటిపురలో పాత ఇళ్లు తీసి కొత్త భవనాలు కట్టాలనే పథకం ఉంది. వాన పడితే భయపడే ఇళ్లకు అది మంచిదే. కానీ కొత్త భవనాలకు కొత్త పేర్లు రావచ్చు. అందుకే ఈ సెలవుల్లో ఇంట్లో తాతనో, అవ్వనో కూర్చోబెట్టి అడుగుదాం: ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ పని చేశారు, ఏ గల్లీలో ఉన్నారు? రాతి మీద కాకపోయినా, మన నోటుబుక్కులోనైనా ఆ పేర్లు రాసిపెడదాం.