కడగని బల్లెం

ఒక ఊళ్లో తలారికి బల్లెం చేతికిచ్చేటప్పుడు పెద్దలు ఒక్కటే షరతు పెట్టేవాళ్లు. ఎప్పుడు పొడవాలో, ఎప్పుడు పొడవకూడదో పెద్దగా చెప్పేవాళ్లు కాదు. అమావాస్య చీకట్లో ఎదురుపడ్డవాడి చేతిలో ఏముందో రచ్చబండ మీద కూర్చున్నవాళ్లకు ఏం తెలుస్తుంది? పొడిచాక ఏం చెయ్యాలో మాత్రం గట్టిగా చెప్పేవాళ్లు. “నెత్తురంటిన బల్లెం నువ్వు కడగొద్దు. తెల్లారగానే ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెట్టు. కడిగేది ఊరు.”

కొన్నేళ్లకు ఆ అవసరం రానే వచ్చింది. ఓ రాత్రి దొంగ ఒకడు ఊరి చివర ముసలమ్మ ఇంట్లో దూరి, చెవి కమ్మల కోసం ఆమె గొంతు మీద కత్తి పెట్టాడు. కేక విని తలారి పరుగెత్తాడు. “కత్తి కింద పడెయ్” అన్నాడు. వాడు పడెయ్యకపోగా తలారి మీదికే దూకాడు. తెల్లారేసరికి బల్లెం రచ్చబండ మీద ఉంది, ఈగలు ముసురుతూ.

పెద్దలు మెచ్చుకోలేదు, తిట్టలేదు. ఒక్కొక్కటే అడిగారు. వాడెక్కడ నిలబడ్డాడు? నువ్వెక్కడ? గాయం రొమ్ము మీదా, వీపు మీదా? కత్తి ఏ చేతిలో ఉంది? ముసలమ్మను వేరే పిలిచి అడిగారు. కేక విని లేచిన ఇరుగుపొరుగును వేరే అడిగారు. ప్రాణానికి తెగించి కాపాడినవాణ్ణి దొంగను నిలదీసినట్టు నిలదీస్తారా అని తలారి పెళ్లాం ఏడ్చింది. పెద్దలు అడగడం మానలేదు. సాయంత్రానికి అన్ని మాటలూ ఒక్క దగ్గరికొచ్చాయి. అప్పుడు పెద్దాయన లేచి, చేదతో నీళ్లు తోడించి, తన చేత్తోనే బల్లెం కడిగి తలారికిచ్చాడు. “ఇంటికి పోయి అన్నం తిను నాయనా” అన్నాడు. ఆ రాత్రి తలారికి నిద్ర పట్టింది.

మరికొన్నాళ్లకు ఊళ్లో పసిపిల్ల ఒకతె కనిపించకుండా పోయింది. మూడో రోజు పాడుబావిలో తేలింది. కాళ్లకుండాల్సిన వెండి పట్టీలు లేవు. ఊరు అట్టుడికిపోయింది. సంతకొచ్చి పోతున్న నలుగురు కుర్రాళ్లను అనుమానం మీద పట్టుకొని బందెలదొడ్డిలో కట్టేశారు. మర్నాడు పంచాయతీ. కానీ ఆ రాత్రంతా తలారి గుమ్మం ముందు జనమే. “నీ చేతికి బల్లెం ఎందుకిచ్చాం? పుల్లలు ఏరుకోవడానికా?” అని ఎత్తిపొడిచారు.

తెల్లారింది. నలుగురూ దొడ్డి వెనక చేలో పడి ఉన్నారు. “కట్లు తెంపుకొని నా బల్లెం లాక్కోబోయారు, తూర్పుకు పరుగెత్తబోయారు” అన్నాడు తలారి. రచ్చబండ మీద బల్లెం తళతళలాడుతోంది. మొదటి దండ వేసింది పిల్ల తండ్రే. ఒకప్పుడు ఆ బల్లెం వల్లనే బతికిన ముసలమ్మ పెద్దాయన పక్కకు చేరి, “బాబూ, దీన్ని ఎవరు కడిగారు?” అంది. పెద్దాయన జనం వంక చూసి, “ఇప్పుడు కాదమ్మా” అన్నాడు. ఆ రాత్రి తలారికి నిద్ర పట్టిందో లేదో ఎవరూ కనుక్కోలేదు.

ఏడాది తిరిగాక పక్క ఊరి తిరనాళ్లలో పిల్ల తండ్రికి ఆ పట్టీలు కనిపించాయి. మువ్వ ఊడిపోతే తనే రాగితీగతో వేసిన ముడి అలాగే ఉంది. అమ్మేవాడు ఎవరి దగ్గరో కొన్నానన్నాడు, ఎవరో చెప్పలేకపోయాడు. తండ్రి పరుగున వచ్చి తలారిని పట్టుకున్నాడు. “ఆ నలుగురిలో ఎవడు చేశాడు? అందరూనా? అయిదోవాడు ఒకడున్నాడా? నా బిడ్డ ఆఖరున ఏమంది?” తలారి దగ్గర జవాబు లేదు. “వాళ్లెటు పరుగెత్తబోయారు?” పడమటికి అన్నాడు. “ఆ రోజు తూర్పుకన్నావు కదా?” తలారి తల దించుకున్నాడు. తండ్రి రచ్చబండ దగ్గరికెళ్లి బల్లెం తెప్పించమన్నాడు. పెద్దాయన కదల్లేదు. “దండ వేసిన రోజు అడగాల్సింది నాయనా,” అన్నాడు. “నేనూ అడగలేదు.”

నీతి: బల్లేన్ని పొడిచినవాడి చేత కడిగించకూడదు.

ఇందులో కొత్తేం లేదు, మన చట్టం చెప్పేదే. పోలీసుకు ప్రాణం తీసే ప్రత్యేక హక్కంటూ లేదు. తన ప్రాణమో పక్కవాడి ప్రాణమో పోయేలా ఉన్నప్పుడు మీకూ నాకూ ఉన్న ఆత్మరక్షణ హక్కే అతనికీ ఉంది. అరెస్టుకు ఎదురుతిరిగితే అవసరమైనంత బలం వాడొచ్చు. కానీ మరణశిక్షో యావజ్జీవమో పడే నేరారోపణ లేని మనిషి ప్రాణం తీయడానికి ఆ బలానికి వీలిచ్చే సెక్షనే ఒప్పుకోదు. పాత సీఆర్‌పీసీలో అది 46, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 43. దీన్ని తిరగేసి చదివి, “అయితే హంతకుణ్ణి కాల్చెయ్యొచ్చన్నమాట” అనేవాళ్లున్నారు. అది గీసిన హద్దు, ఇచ్చిన లైసెన్సు కాదు.

ఇక కడగడం సంగతి. 2014లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎన్‌కౌంటర్‌లో మనిషి పోతే ఎఫ్ఐఆర్ కట్టాలి, దర్యాప్తు సీఐడీయో వేరే స్టేషన్ బృందమో చెయ్యాలి, మెజిస్టీరియల్ విచారణ జరగాలి, కాల్చినవాళ్లు తమ ఆయుధాలను పరీక్షకు అప్పగించాలి. ఘటన జరిగిన వెంటనే పతకాలూ ప్రమోషన్లూ ఇవ్వకూడదని కూడా ఉంది. దండల సంగతి కోర్టుకూ తెలుసన్నమాట.

2015 ఏప్రిల్ మొదట్లో సూర్యాపేట బస్టాండులో తనిఖీకి వచ్చిన పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపి ఒక కానిస్టేబుల్‌నూ ఒక హోంగార్డునూ చంపారు. రెండ్రోజులకు జానకీపురం దగ్గర ఎదురుపడి మళ్లీ కాల్చారు. ఆ ఇద్దరూ చనిపోయారు, పోలీసుల ప్రాణాలూ పోయాయి. అక్కడ తుపాకీ పేలిందని పోలీసును తప్పుపట్టేవాళ్లతో నేను ఏకీభవించను. అదీ రచ్చబండకు రావలసిందే, వచ్చినా నిలబడేదే. ఏప్రిల్ 7న అదే ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు వ్యానులో వెళ్తున్న అయిదుగురు విచారణ ఖైదీలు పోలీసు తూటాలకు పోయారు. ఆయుధాలు లాక్కోబోయారన్నారు. ఫొటోల్లో వాళ్ల చేతులకు బేడీలున్నాయి.

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక వెటర్నరీ డాక్టర్‌ మీద అత్యాచారం చేసి చంపేశారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లిలో ఆ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పొద్దున ఫోన్ చూసుకొని “మంచి పనే జరిగింది” అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, దాచడానికేం లేదు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే 20న బయటికొచ్చింది. తుపాకులు లాక్కున్నారన్న పోలీసుల మాట నమ్మదగ్గది కాదనీ, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలనీ అందులో ఉంది. నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లనీ ఉంది. ఆ వ్యవహారాన్ని సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకు పంపింది.

ఆ నలుగురి మీద పెట్టిన హత్య కేసులో ఒక్క సాక్షి కూడా బోనెక్కలేదు. ఆ డాక్టరమ్మను ఎవరు చంపారో చెప్పే తీర్పు రాలేదు, ఇక రాదు.